ఈమాక్స్‌లో ప్యాకేజీల నిర్వహణ: ఉబుంటు మార్చిన తరువాత వచ్చే చిక్కులు, నెట్ లేని రెండవ కంప్యూటరు

నమస్కారం. మీరు రాసినది నాకు అర్థమైనంత వరకు ముందు క్లుప్తంగా చెబుతాను. మీరు గుణుపురంలో హాస్టల్‌లో ఉండి ఇంజనీరింగ్ చదువుతున్నారు. తెలుగు, ఒడియా, సవర మాటల పట్టిక ఒకటి ఈమాక్స్ అనే టెక్స్ట్ ఎడిటరులో ఆర్గ్ (నోట్స్, పట్టికలు రాసుకునే ఈమాక్స్ భాగం) ఫైలుగా రాసుకుంటున్నారు. ల్యాప్‌టాప్‌లో ఉబుంటు 22.04 తీసి 24.04 వేసుకోవడంతో ఈమాక్స్ 27.1 పోయి 29.3 వచ్చింది. అప్పటి నుంచి, గిట్‌ను (ఫైళ్ళ మార్పుల చరిత్రను దాచే ప్రోగ్రాము) ఈమాక్స్ లోపలి నుంచి నడిపే మాగిట్ అనే ప్యాకేజీని (ఈమాక్స్‌కు అదనంగా చేర్చుకునే సదుపాయం) ఇన్‌స్టాల్ చేయబోతే ‘నాట్ ఫౌండ్’ అంటోంది. ప్యాకేజీల జాబితాలో కొత్త ఆర్గ్ కనబడితే దాన్ని వేసుకున్నారు, వేసుకున్నది మొదలు ఆర్గ్ ఫైలు తెరిచినప్పుడల్లా ‘ఆర్గ్ వెర్షన్ మిస్‌మ్యాచ్’ అన్న హెచ్చరిక వస్తోంది. పాత ప్యాకేజీలు కొన్ని వింత వింత ఎర్రర్లు చూపిస్తున్నాయి. పర్లాకిమిడిలో ఇంటి దగ్గరున్న డెస్క్‌టాప్‌లో కూడా ఉబుంటు 24.04 ఉంది కానీ నెట్ లేదు, అందులోనూ ఇవే ప్యాకేజీలు కావాలి. ఈమాక్స్ ఫోల్డరు మొత్తం తుడిచేసి మొదటి నుంచి మొదలుపెట్టమని మిత్రుడొకరు సలహా ఇచ్చారు, అలా చేయవచ్చునా అని అడిగారు.

తుడిచేయవద్దు. మీరు చెప్పిన మూడు చిక్కులకూ మూడు వేర్వేరు కారణాలున్నాయి, వాటిలో ఏ ఒక్కటీ అన్నీ తీసేసి మళ్ళీ మొబైల్ డేటా మీద దించుకోవలసినంత పెద్దది కాదు. పైగా తుడిచేసిన తరువాత కూడా ఆర్గ్‌ను మునుపు వేసిన పద్ధతిలోనే వేస్తే అదే హెచ్చరిక మళ్ళీ వస్తుంది.

ఆదేశాల పేర్లను ఇక్కడ పలికినట్టుగా రాస్తున్నాను. ఆల్ట్, ఎక్స్ మీటలు కలిపి నొక్కి, పేరులో మొదటి నాలుగైదు అక్షరాలు కొట్టి టాబ్ నొక్కితే మిగిలినది ఈమాక్స్ చూపిస్తుంది కనుక ఇబ్బంది ఉండదు.

ప్యాకేజీల వ్యవస్థ ఈమాక్స్‌లో భాగమైంది 2012లో వచ్చిన 24వ వెర్షనుతో. అది పని చేసే తీరు తెలిస్తే ఎర్రర్లు సగం వాటంతటవే విడిపోతాయి. మీ హోమ్ ఫోల్డరులోని డాట్-ఈమాక్స్-డాట్-డి లోపల ఎల్పా అనే ఫోల్డరు ఉంటుంది. ఇన్‌స్టాల్ అయిన ప్రతి ప్యాకేజీకీ దానిలో పేరు, వెర్షను కలిపిన ఒక ఫోల్డరు ఉంటుంది. వాటి పక్కనే ఆర్కైవ్స్ అనే మరో ఫోల్డరులో, సర్వర్లలో ఏయే ప్యాకేజీలు ఏయే వెర్షన్లలో దొరుకుతాయో చెప్పే పట్టికల నకళ్ళు ఉంటాయి. ఇవి కాక, మీరు కోరి వేసుకున్నవి ఏవి, వాటికి తోడుగా వచ్చినవి ఏవి అన్న తేడా తెలియడానికి ప్యాకేజ్-సెలెక్టెడ్-ప్యాకేజెస్ అనే వేరియబుల్‌లో కోరిన వాటి పేర్లు మాత్రమే రాసి, దాన్ని మీ ఇనిట్ ఫైలులో (ఈమాక్స్ మొదలవగానే చదివే అమరికల ఫైలు) కస్టమ్ భాగం కింద ఈమాక్సే భద్రపరుస్తుంది. సర్వరు పట్టిక నకలు, దిగిన ఫైళ్ళు, కోరినవాటి చిట్టా, ఈ మూడూ ఒకదానితో ఒకటి పొసగనప్పుడే ఎర్రర్లు వస్తాయి. కాబట్టి ఏ ఎర్రరు వచ్చినా ముందుగా ఇది ఈ మూడింటిలో దేనికి సంబంధించినదని చూసుకోవాలి.

మాగిట్ విషయం పట్టిక నకలుకు సంబంధించినది. మీరు అతికించిన సందేశంలో మాగిట్ అన్న పేరు తరువాత ఒక గీత, ఎనిమిది అంకెలు, ఒక చుక్క, మళ్ళీ కొన్ని అంకెలు ఉన్నాయి చూడండి. ఆ ఎనిమిది అంకెలు తేదీ, చుక్క తరువాతివి గంట, నిమిషాలు. మెల్పా అనే ఆర్కైవ్ (ప్యాకేజీలు దొరికే సర్వరు) తన ప్యాకేజీలను రచయితల గిట్ రిపాజిటరీల (మూల ఫైళ్ళు ఉండే చోట్లు) నుంచి నేరుగా తయారు చేస్తుంది, ఆ మార్పు జరిగిన తేదీనే వెర్షనుగా పెడుతుంది, కొత్తది తయారయ్యాక పాత టార్ ఫైలును (ప్యాకేజీ ఫైళ్ళన్నీ కలిపి కట్టిన మూట) తీసేస్తుంది. మీ దగ్గరున్న పట్టిక పాతదైతే, లేని ఫైలును రమ్మని మీ ఈమాక్స్ సర్వరును అడుగుతుంది, సర్వరు లేదంటుంది. పోయిన ఏటి పంచాంగం చూసి ఈ ఏటి ముహూర్తం పెట్టుకున్నట్టే ఇది. ప్యాకేజ్-రిఫ్రెష్-కంటెంట్స్ అన్న ఆదేశం ఇచ్చి, పట్టిక కొత్తగా దిగిన తరువాత ఇన్‌స్టాల్ చేస్తే సరిపోతుంది.

అయితే మీరు రిఫ్రెష్ చేశాననీ, అయినా అదే సందేశం వచ్చిందనీ రాశారు. కొండల మధ్య సిగ్నల్ వచ్చిపోతూ ఉండే చోట ఇది మామూలే. ఈమాక్స్ ఒక్కొక్క ఆర్కైవ్ పట్టికను విడివిడిగా దించుకుంటుంది. ఈమాక్స్ సొంత ఆర్కైవ్ అయిన గ్నూ ఎల్పా పట్టిక దిగి, అయిదు వేలకు పైగా ప్యాకేజీలున్న మెల్పా పట్టిక మధ్యలో ఆగిపోతే, ‘ఫెయిల్డ్ టు డౌన్‌లోడ్’ అన్న ఒక్క వరుస కింద మెరిసి మాయమవుతుంది, పాత నకలు అలాగే మిగిలిపోతుంది. మెసేజెస్ బఫర్ (ఈమాక్స్ చూపిన సందేశాలన్నీ నిలిచి ఉండే చోటు) తెరిచి ఆ వరుస ఉందేమో చూడండి. ఇంకా నిక్కచ్చిగా తెలియాలంటే టెర్మినల్‌లో ఎల్పా, ఆర్కైవ్స్, మెల్పా ఫోల్డర్ల లోపలికి వెళ్ళి ఆర్కైవ్-కంటెంట్స్ అనే ఫైలు తేదీ చూడండి. అది నేటి తేదీ కాకపోతే మీ రిఫ్రెష్ జరగలేదన్నమాట.

ఇక్కడే మరొక మార్గం కూడా సూచిస్తాను, మీ పరిస్థితికి ఇదే మేలని నా అభిప్రాయం. ఈమాక్స్ 28 నుంచి నాన్‌గ్నూ ఎల్పా అనే ఆర్కైవ్ కూడా మనం ఏమీ చేర్చనక్కరలేకుండానే జాబితాలో ఉంటుంది. గ్నూ ఎల్పాలో చేరాలంటే రచయిత కాపీహక్కును ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్‌కు రాసివ్వాలి, నాన్‌గ్నూలో ఆ నిబంధన లేదు. మాగిట్ అక్కడ కూడా దొరుకుతుంది. ఆ రెండు చోట్లా సాధారణంగా రచయిత విడుదలగా ప్రకటించిన వెర్షన్లు వస్తాయి, మెల్పాలో లాగా ప్రతి చిన్న మార్పుకూ కొత్త ప్యాకేజీ తయారు కాదు. డేటా చూసుకుని వాడుకునేవారికి ఇది తేడానే. ప్యాకేజ్-ఆర్కైవ్-ప్రయారిటీస్ అనే వేరియబుల్‌లో గ్నూకు, నాన్‌గ్నూకు పెద్ద అంకెలు, మెల్పాకు సున్నా ఇస్తే, ఒకే ప్యాకేజీ రెండు చోట్ల ఉన్నప్పుడు వెర్షను అంకె ఎంత పెద్దదైనా పెద్ద ప్రయారిటీ ఉన్న చోటి నుంచే వస్తుంది. ఈ ఏర్పాటు లేకపోతే మెల్పాయే ఎప్పుడూ గెలుస్తుంది, ఎందుకంటే తేదీతో మొదలయ్యే ఎనిమిది అంకెల వెర్షను ముందు 4.0 వంటివి ఎప్పటికీ చిన్నవిగానే కనిపిస్తాయి. అదే కారణం చేత, ఒకసారి మెల్పా నుంచి వేసుకున్న ప్యాకేజీ ప్రయారిటీ మార్చినంత మాత్రాన వెనక్కి రాదు. దాన్ని తీసేసి మళ్ళీ వేయవలసి ఉంటుంది. ఒక్క ప్యాకేజీకి మాత్రమే ఈ కట్టుబాటు కావాలనుకుంటే ప్యాకేజ్-పిన్‌డ్-ప్యాకేజెస్ ఉంది, కానీ మాగిట్‌కు తోడుగా వచ్చేవి కూడా ఉన్నాయి కనుక ప్రయారిటీలే హాయి.

ఆర్గ్ హెచ్చరికకు కారణం దిగిన ఫైళ్ళలో ఉంది, దీన్ని కొంచెం వివరంగా చెప్పాలి. ఆర్గ్ ఈమాక్స్‌తో పాటే వస్తుంది, 29.3లో ఉన్నది 9.6 వరుసలోనిది. మీరు మీ మాటల పట్టిక ఫైలు తెరిచి పని చేసుకుంటున్నప్పుడు ఆ 9.6 మెమరీలో లోడ్ అయి ఉంది. అదే సెషన్‌లో జాబితా తెరిచి 9.7ను ఇన్‌స్టాల్ చేశారు. ఇన్‌స్టాల్ అంటే ఫైళ్ళు దించుకోవడమే కాదు, వాటిని బైట్-కంపైల్ చేయడం (వేగంగా నడిచే రూపంలోకి మార్చడం) కూడా. కంపైల్ చేసేటప్పుడు ఆర్గ్‌లోని మాక్రోలను (పూర్తి కోడుకు బదులు రాసే సంక్షిప్త రూపాలు) విప్పాలి, విప్పడానికి ఈమాక్స్ వాడినది అప్పటికే మెమరీలో ఉన్న పాత మాక్రోలను. అంటే డిస్కు మీద ఉన్నది పేరుకు 9.7, లోపల కొన్ని చోట్ల 9.6. ఆర్గ్-వెర్షన్ అన్న ఆదేశం ఇచ్చి చూడండి; ‘మిక్స్‌డ్ ఇన్‌స్టలేషన్’ అని, రెండు ఫోల్డర్ల పేర్లు చూపిస్తే రెండు వెర్షన్ల ఫైళ్ళు ఒకే సెషన్‌లో కలిసి లోడ్ అవుతున్నాయని కూడా ఖాయం చేసుకోవచ్చు. అది మామూలుగా ఒకే ఫోల్డరు చూపించినా కంపైల్ లోపం ఉండవచ్చు కనుక కింద చెప్పిన పని మాత్రం తప్పదు.

సరిచేయడానికి ఈమాక్స్‌ను పూర్తిగా మూసేయండి. ఎల్పా ఫోల్డరులో ఆర్గ్-9.7తో మొదలయ్యే ఫోల్డరును తీసేయండి. టెర్మినల్ నుంచి ఈమాక్స్ అని, ఖాళీ వదిలి, గీత, పెద్ద అక్షరం క్యూ పెట్టి ప్రారంభించండి. ఇలా తెరిస్తే మీ ఇనిట్ ఫైలు కానీ, వేసుకున్న ప్యాకేజీలు కానీ లోడ్ కావు. ఏ ఆర్గ్ ఫైలూ తెరవకుండా నేరుగా లిస్ట్-ప్యాకేజెస్ ఆదేశం ఇచ్చి, ఆర్గ్ కొత్త వెర్షను ఉన్న వరుస మీదికి వెళ్ళి ఐ, ఆ తరువాత ఎక్స్ నొక్కండి. ప్యాకేజ్-ఇన్‌స్టాల్ ఆదేశంతో ప్రయత్నిస్తే ఆర్గ్ ఇప్పటికే ఉందని చెప్పి ఆగిపోతుంది, ఎందుకంటే ఈమాక్స్‌తో పాటు వచ్చిన ప్యాకేజీలను దానంతట అది మార్చదు. ఆ కట్టడిని తీసేయడానికి 29లో ప్యాకేజ్-ఇన్‌స్టాల్-అప్‌గ్రేడ్-బిల్ట్-ఇన్ అనే వేరియబుల్ ఉంది, కానీ దాన్ని శాశ్వతంగా తెరిచి ఉంచమని నేను చెప్పను. పైగా మీ పని మూడు నిలువు వరుసల పట్టిక; దానికి 9.6లో లేనిది 9.7లో ఏముంటుందో ఆలోచించండి. నేనైతే ఆ 9.7 ఫోల్డరును తీసేసి ఈమాక్స్‌తో వచ్చిన ఆర్గ్‌తోనే ఉంటాను.

పాత ప్యాకేజీల వింత ప్రవర్తనకు కారణం కూడా కంపైల్ చేయడమే, కాకపోతే మరొక విధంగా. అవి 27.1లో కంపైల్ అయినవి, ఇప్పుడు 29.3 కింద నడుస్తున్నాయి. చాలా భాగం బాగానే నడుస్తాయి, కొన్ని నడవవు. 29లో ప్యాకేజ్-రీకంపైల్-ఆల్ అనే ఆదేశం చేరింది; అది నెట్ అవసరం లేకుండా ఉన్న ఫైళ్ళనే మళ్ళీ కంపైల్ చేస్తుంది. అది పూర్తయ్యాక ఈమాక్స్ మూసి తెరవండి. ఎల్న్-క్యాష్ అనే ఫోల్డరు కనబడితే అది నేటివ్ కంపైలేషన్‌కు (ప్రాసెసరు నేరుగా నడిపే రూపంలోకి మార్చడం) సంబంధించినది, మొదటి ఒకటి రెండు రోజులు ఫ్యాను ఎక్కువగా తిరగడానికి కారణం అదే, దాన్ని పట్టించుకోనక్కరలేదు. మీ ఇనిట్ ఫైలులో ప్యాకేజ్-క్విక్‌స్టార్ట్ పెట్టుకుని ఉంటే మాత్రం ప్యాకేజ్-క్విక్‌స్టార్ట్-రిఫ్రెష్ ఆదేశం కూడా ఇవ్వండి. అది అన్ని ప్యాకేజీల ఆటోలోడ్‌లను (ఏ ఆదేశం ఏ ఫైలులో ఉందో చెప్పే వివరాలు) ఒకే ఫైలులో గుదిగుచ్చి ఉంచుతుంది కనుక ఫోల్డర్లు మారినప్పుడు పాత దారులే చూపిస్తూ ఉంటుంది.

యూజ్-ప్యాకేజ్ (ఇనిట్ ఫైలులో ప్యాకేజీల అమరికలు రాసేది), ఎగ్లాట్ (ప్రోగ్రాములు రాసేటప్పుడు తప్పులు, సూచనలు చూపేది) మీరు 27లో విడిగా వేసుకున్నట్టు ఉన్నారు. 29.1 నుంచి ఈ రెండూ ఈమాక్స్‌లోనే ఉన్నాయి. ఎల్పా ఫోల్డరులో ఉన్న నకలు లోపలి దానికంటే పాతదైతే ఈమాక్స్ లోపలిదాన్నే వాడుతుంది, బయటిది ఊరికే పడి ఉంటుంది.

అలా పడి ఉన్నవాటిని ఏరడానికి లిస్ట్-ప్యాకేజెస్ తెరనే వాడుకోవాలి. ఆ తెరను చాలామంది ఇన్‌స్టాల్‌కు మాత్రమే తెరుస్తారు, అది సరైన వాడుక కాదు. స్లాష్ కొట్టి ఎన్ నొక్కితే పేరుతో, స్లాష్ కొట్టి ఎస్ నొక్కితే స్థితితో జాబితాను వడగట్టవచ్చు. ఇన్‌స్టాల్డ్ అని ఇస్తే మీరు కోరి వేసుకున్నవి మాత్రమే కనిపిస్తాయి, స్లాష్ రెండుసార్లు కొడితే వడపోత తొలగుతుంది. పేరు మీద ఎంటర్ నొక్కితే వివరణ, హోమ్‌పేజీ, దానికి కావలసిన ఇతర ప్యాకేజీలు కనిపిస్తాయి. ఇన్‌స్టాల్ చేసే ముందు ఈ చివరి భాగాన్ని తప్పక చదవండి, ఒక చిన్న సదుపాయం కోసం పెద్ద బలగం దిగుతోందేమో అక్కడే తెలుస్తుంది. డి తొలగింపుకు, పెద్ద యు అప్‌గ్రేడ్లకు గుర్తు పెడుతుంది, చిన్న యు గుర్తు తీసేస్తుంది, టిల్డె మీట కాలం చెల్లినవాటన్నింటికీ ఒకేసారి తొలగింపు గుర్తు పెడుతుంది. ఎక్స్ నొక్కేదాకా ఏదీ జరగదు కనుక నిదానంగా చూసుకోవచ్చు. మరొక సంగతి: లిస్ట్-ప్యాకేజెస్ ఇచ్చిన ప్రతిసారీ అది నెట్‌కు వెళ్ళి పట్టిక తెస్తుంది, ఉన్న ప్యాకేజీలను చూసుకోవడానికే అయితే ముందు కంట్రోల్, యు కలిపి నొక్కి ఆ తరువాత ఆదేశం ఇవ్వండి, నెట్ జోలికి పోదు.

పర్లాకిమిడి డెస్క్‌టాప్‌లో ఉబుంటు 24.04 ఉందన్నారు కనుక అక్కడా ఈమాక్స్ 29.3 ఉంటుంది, అదే పెద్ద సదుపాయం. ల్యాప్‌టాప్‌లో అన్నీ కుదురుకున్న తరువాత ఎల్పా ఫోల్డరును, ఇనిట్ ఫైలును కలిపి ఒకే టార్ ఫైలుగా కట్టి పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్ళి అక్కడ విప్పండి, చాలు. కస్టమ్ భాగాన్ని వేరే ఫైలులో ఉంచుకుంటే దాన్ని కూడా కలపండి. ఫోల్డరును యథాతథంగా పెన్‌డ్రైవ్ మీదికి లాగవద్దు. అమ్మకానికి వచ్చే పెన్‌డ్రైవ్‌లు చాలా వరకు ఫ్యాట్ పద్ధతిలో ఉంటాయి, దానిలో ఫైలు సమయం రెండేసి సెకన్ల లెక్కన మాత్రమే నమోదవుతుంది. పైగా కాపీ చేసే తీరును బట్టి ఫైళ్ళకు కాపీ చేసిన క్షణమే సమయంగా పడవచ్చు. అలా మూల ఫైలు, కంపైల్ అయిన ఫైలు ముందు వెనుకలు తారుమారైతే, మూల ఫైలే కొత్తదన్న హెచ్చరికలు వరసగా వస్తాయి. టార్‌లో సమయాలు చెక్కుచెదరవు. బరంపురంలో మా అచ్చు పనికి వాడే కంప్యూటర్లలో నెట్‌కు కలపనిది ఒకటి ఉంది. రెండు లిపుల పుస్తకాలకు కావలసిన ఆక్‌టెక్ (టెక్ అచ్చు ఫైళ్ళు రాయడానికి వాడే ప్యాకేజీ) వగైరా దానిలోకి ఈ దారిలోనే వెళతాయి. ఎల్న్-క్యాష్‌ను మాత్రం తీసుకెళ్ళవద్దు, అది ఏ యంత్రానికి ఆ యంత్రం తయారు చేసుకోవలసినది. అలాగే ప్యాకేజీ వెంట బయటి ప్రోగ్రాములు రావు: మాగిట్ ఫోల్డరు వెళ్ళినా ఆ డెస్క్‌టాప్‌లో గిట్ లేకపోతే అది పనికిరాదు.

నెట్ ఉన్న రెండవ యంత్రమైతే ఇంత పని లేదు. ఇనిట్ ఫైలు ఒక్కటి తీసుకెళ్ళి, పట్టిక రిఫ్రెష్ చేసి, ప్యాకేజ్-ఇన్‌స్టాల్-సెలెక్టెడ్-ప్యాకేజెస్ ఇస్తే చిట్టాలో ఉన్నవన్నీ దిగుతాయి.

ఈ చిట్టాతోనే ఒక ప్రమాదం కూడా ఉంది. ప్యాకేజ్-ఆటోరిమూవ్ అనేది, చిట్టాలో లేనివీ, చిట్టాలోని వాటికి అవసరం కానివీ అనుకున్న ప్యాకేజీలన్నింటినీ తీసేస్తుంది. మీ కస్టమ్ ఫైలు వేరే చోట ఉండి, ఏదో కారణాన అది లోడ్ కాకపోతే చిట్టా ఖాళీగా ఉంటుంది, అప్పుడు దాని లెక్కలో అన్నీ అనవసరమైనవే. తీసేయబోయే వాటి పేర్లు చెప్పి అడుగుతుంది కనుక, సరే అనే ముందు ఆ పేర్లను చివరిదాకా చదవండి.

అప్‌గ్రేడ్ విషయంలో నా పద్ధతి చెబుతాను, మీకు నచ్చితే అనుసరించండి. కనిపించినప్పుడల్లా ఒక్కొక్కటి అప్‌గ్రేడ్ చేయను. పరీక్షలు కానీ, అప్పగించవలసిన పని కానీ దగ్గరలో లేని సమయం చూసి, మంచి నెట్ ఉన్న చోట, ముందుగా ఎల్పా ఫోల్డరుకు నకలు తీసి పక్కన పెట్టి, ఆ తరువాత ప్యాకేజ్-అప్‌గ్రేడ్-ఆల్ ఇస్తాను. ఈ ఆదేశం 29లో వచ్చింది, అంతకు ముందు జాబితాలో పెద్ద యు, ఎక్స్ నొక్కేవాళ్ళం. అప్‌గ్రేడ్ అవగానే ఈమాక్స్‌ను మూసి తెరవడం తప్పనిసరి, లేకపోతే పాత ఫంక్షన్లు మెమరీలో ఉండగా కొత్త ఫైళ్ళు లోడ్ అయి, మీ ఆర్గ్‌కు జరిగినదే మరొక దానికి జరుగుతుంది. ఏదైనా చెడితే పాత వెర్షను కోసం మెల్పాను వెతకనక్కరలేదు, అక్కడ అది ఉండదు కూడా. నకలును తిరిగి దాని చోట పెట్టడమే. గిట్ నేర్చుకుంటున్నారు కనుక ఎల్పా ఫోల్డరును కూడా గిట్‌లో పెట్టుకోవచ్చు, దానిని తక్కువగా చూసేవారున్నారు కానీ సిగ్నల్ సరిగా అందని చోట ఉండేవారికి అది సుఖమైన ఏర్పాటే.

నమ్మకం గురించి మీరు అడగలేదు, అయినా చెప్పాలి. ఈమాక్స్ ప్యాకేజీకి ఏ కట్టడీ లేదు. మీరు చేయగలిగిన ప్రతిదీ, మీ ఫైళ్ళు చదవడం, తుడవడం, నెట్‌కు పంపడం, అదీ చేయగలదు. గ్నూ, నాన్‌గ్నూ ఆర్కైవ్‌ల ప్యాకేజీలకు సంతకం ఉంటుంది, ఈమాక్స్ దాన్ని సరిచూస్తుంది. మెల్పాలో సంతకాలు లేవు, అందుకే ప్యాకేజ్-చెక్-సిగ్నేచర్ మొదట్లోనే సంతకం లేనివాటిని అనుమతించేలా ఉంటుంది. సంతకం సరిచూడలేకపోయానన్న ఎర్రరు వస్తే నెట్‌లో దొరికే సలహా ఆ తనిఖీని పూర్తిగా ఆపేయమని ఉంటుంది. పాత ఈమాక్స్‌లలో గ్నూ ఎల్పా తాళంచెవి గడువు 2019 సెప్టెంబరులో తీరిపోయినప్పుడు ఆ సలహా బాగా ప్రచారమైంది. నిజానికి అప్పుడు చేయవలసినది, తనిఖీని కాసేపు ఆపి, గ్నూ-ఎల్పా-కీరింగ్-అప్‌డేట్ అనే ప్యాకేజీ వేసి, తనిఖీని తిరిగి పెట్టడం. 29.3లో మీకు ఆ అవసరం రాకూడదు. మీ ఇనిట్ ఫైలులో ఎక్కడైనా ఆ తనిఖీని నిల్ చేసిన (అంటే ఆపేసిన) వరుస మిగిలి ఉంటే తీసేయండి.

స్ట్రెయిట్ అనే మరో ప్యాకేజీ మేనేజరుకు మారితే ఈ బాధలు పోతాయా అని చివర్లో అడిగారు. అది ప్రతి ప్యాకేజీ గిట్ రిపాజిటరీనీ క్లోన్ చేసుకుంటుంది, ఏ కమిట్ (గిట్‌లో నమోదైన మార్పు) మీద ఉన్నారో ఫైలులో రాసిపెట్టి అన్ని యంత్రాలలోనూ అదే స్థితిని తెప్పించగలదు. మంచి పరికరమే, ప్యాకేజీలను తామే సవరించుకునేవారికి బాగా పనికివస్తుంది. కానీ మామూలుగా ఒక టార్ ఫైలు దిగే చోట రిపాజిటరీ దిగుతుంది. మీ డేటా పరిమితికి అది బరువు. ఎప్పుడైనా ఒకే ఒక్క ప్యాకేజీ గిట్ నుంచి నేరుగా కావలసి వస్తే 29లోనే ప్యాకేజ్-వీసీ-ఇన్‌స్టాల్ ఉంది.

తెలుగు, ఒడియా టైపు చేయడానికి ఏ ప్యాకేజీ మంచిదన్న ప్రశ్నకు జవాబు, ఏదీ వద్దని. కంట్రోల్, ఎక్స్ నొక్కి, ఎంటర్ నొక్కి, కంట్రోల్, బ్యాక్‌స్లాష్ నొక్కితే ఇన్‌పుట్ పద్ధతి పేరు అడుగుతుంది. తెలుగు-ఇన్‌స్క్రిప్ట్, తెలుగు-ఐట్రాన్స్ రెండూ ఈమాక్స్‌లోనే ఉన్నాయి, ఒడియాకు ఉన్నవి టాబ్ నొక్కితే కనిపిస్తాయి. ఆ తరువాత కంట్రోల్, బ్యాక్‌స్లాష్‌తో ఇంగ్లీషుకూ దానికీ మధ్య మారవచ్చు. 27వ వెర్షను నుంచి అక్షరాల కూర్పు హార్ఫ్‌బజ్ అనే లైబ్రరీ చూసుకుంటుంది కనుక, ఒత్తులు విడిపోయి కనిపిస్తే అది ప్యాకేజీల లోపం కాదు, ఫాంటును మార్చి చూడండి.